హరికేన్‌కు ఇల్లు వదిలిన కుటుంబం మీ ఊరికి వస్తే: నిలదొక్కుకునేదాకా ఏమేం చేయాలి

అమెరికాలో హరికేన్ల కాలం ఏటా జూన్ 1న మొదలై నవంబరు 30 దాకా సాగుతుంది. గల్ఫ్ తీరాన్నో ఫ్లోరిడానో పెద్ద తుఫాను తాకిందంటే, తీరానికి దూరంగా ఉన్న ఊళ్లలో స్కూలు జిమ్‌లు, చర్చి హాళ్లు నిండిపోతాయి. మొదటి వారం సాయానికి కొదవ ఉండదు. నీళ్ల సీసాలు, దుప్పట్లు, బట్టల సంచులు గుట్టలుగా వచ్చిపడతాయి. వడ్డించడానికి వచ్చినవాళ్లు తినేవాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తారు. ఆరో వారం వచ్చేసరికి ఆ కుటుంబాలు ఎక్కడున్నాయని అడిగే మనిషి ఉండడు. హోటల్ గడువు ముగిసేది అప్పుడే, విపత్తు సాయం చూసే ప్రభుత్వ సంస్థ ఫెమా నుంచి అర్థంకాని ఉత్తరం వచ్చేది అప్పుడే, పాత ఉద్యోగం ఇక లేదని తేలేదీ అప్పుడే. మీరు ఏదైనా చేయాలనుకుంటే ఆ ఆరో వారాన్ని దృష్టిలో పెట్టుకుని మొదలుపెట్టండి.

ఈ దేశంలో ఉంటున్న తెలుగువారికోసం ఇది రాస్తున్నాను. వచ్చే కుటుంబం తెలుగువారే కానక్కర్లేదు. లూసియానా నుంచి వచ్చిన నల్లజాతి అమ్మమ్మా మనవలూ కావచ్చు, ప్యూర్టోరికో నుంచి వచ్చిన స్పానిష్ మాట్లాడే జంట కావచ్చు. చేయాల్సిన పనులు దాదాపు అందరికీ ఒకటే.

ముందు జట్టు కట్టండి

ఒక్కరే ఒక కుటుంబం భారాన్ని మోయలేరు. మోయాలని చూసినవాళ్లు రెండు నెలల్లో అలసిపోయి ఫోన్ ఎత్తడం మానేస్తారు. అది ఆ కుటుంబానికి ఇంకో దెబ్బ. నలుగురైదుగురు కలవండి: వీధివాళ్లు, గుడికో చర్చికో కలిసి వెళ్లేవాళ్లు, ఆఫీసు స్నేహితులు, ఎవరైనా సరే. ఒకరు కాగితాల పని చూసుకోవాలి, ఒకరు ఇల్లు వెతకాలి, ఒకరు స్కూలు, వైద్యం చూడాలి, కారున్నవాళ్లు తీసుకెళ్లి తీసుకురావాలి. కుటుంబంతో రోజూ మాట్లాడే బాధ్యత మాత్రం ఒక్కరిదే కావాలి. అయిదుగురు అయిదుసార్లు అదే ప్రశ్న అడిగితే ఎంత మంచివాళ్లకైనా విసుగొస్తుంది.

కనీసం ఆరు నెలలు ఉంటామని మాట ఇచ్చుకున్నాకే కుటుంబాన్ని కలవండి.

మీరు సొంతంగా వెతుక్కుంటూ షెల్టర్‌కు వెళ్లకండి. 211కు ఫోన్ చేస్తే మీ ప్రాంతంలో ఎవరు ఏం చేస్తున్నారో చెబుతారు. రెడ్ క్రాస్, సాల్వేషన్ ఆర్మీ, స్థానిక చర్చిల సమాఖ్యలు అప్పటికే రంగంలో ఉంటాయి. చాలాచోట్ల స్వచ్ఛంద సంస్థలన్నీ కలిసి దీర్ఘకాల పునరావాస బృందం ఒకటి ఏర్పాటు చేసుకుంటాయి. అందులో చేరితే ఒకే కుటుంబానికి ముగ్గురు మంచాలు కొనిపెట్టి, పక్క కుటుంబానికి ఎవరూ ఏమీ ఇవ్వని పరిస్థితి రాదు. పిల్లలతో గడపబోయేవాళ్ల పూర్వాపరాలు సంస్థ ద్వారా తనిఖీ చేయించుకోవడానికి అభ్యంతరం చెప్పకండి.

డబ్బు విషయం కూడా మొదటే తేల్చుకోండి. చందాలు ఒకరి సొంత ఖాతాలో పోగేయకండి. ఇప్పటికే నమోదైన లాభాపేక్ష లేని సంస్థ ఖాతాలో వేయించి, అక్కడినుంచే ఇంటి యజమానికో దుకాణానికో చెల్లించండి. ఫలానా కుటుంబానికే అని ఒక వ్యక్తికి ఇచ్చిన డబ్బుకు పన్ను మినహాయింపు రాదని చందాదారులకు ముందే చెప్పండి.

మొదటిసారి కలిసినప్పుడు

ఎక్కువగా వినండి. "మీకేం కావాలి" అని అడిగితే చాలామంది మొహమాటపడి "ఏమీ వద్దు" అంటారు. అంతకంటే పనికొచ్చే ప్రశ్నలు ఉన్నాయి: ఎంతమంది ఉన్నారు? రోజూ వేసుకునే మందులు ఎన్నాళ్లకు సరిపోతాయి? పిల్లలు ఏ తరగతి? అక్కడ ఏం పని చేసేవారు? కారు వచ్చిందా, మునిగిందా? కుక్క గానీ పిల్లి గానీ ఉందా? ఈ చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. 2005లో కత్రినా హరికేన్ వచ్చినప్పుడు పెంపుడు జంతువుల్ని వదిలి రాలేక ఎందరో న్యూ ఆర్లీన్స్‌లోనే ఉండిపోయారు. ఆ మరుసటి ఏడాదే విపత్తు ప్రణాళికల్లో వాటికీ చోటు కల్పిస్తూ చట్టం తెచ్చారు. కుక్కను ఒప్పుకోని అపార్టుమెంట్ ఎంత బాగున్నా ఆ కుటుంబానికి పనికిరాదు.

వాళ్లు ఇంట్లోకి నీళ్లొచ్చిన రాత్రి గురించి చెప్పుకుంటే వినండి, చెప్పకపోతే తవ్వకండి. ఫొటోలు తీయకండి. మీరు చేసిన సాయం ఫేస్‌బుక్‌లో పెట్టకండి, అనుమతి ఇచ్చారన్నా సరే. చేయి చాచాల్సి వచ్చిన మనిషి కాదనలేక ఇచ్చే అనుమతి అనుమతి కాదని నా గట్టి నమ్మకం.

ఫెమా, బీమా: ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడే

సమాఖ్య ప్రభుత్వ విపత్తు సంస్థ ఫెమా. మునిగిన ఇల్లున్న కౌంటీకి వ్యక్తిగత సాయం ప్రకటించి ఉంటే, ఆ ఇంట్లో ఉంటున్న యజమానులే కాదు, అద్దెకున్నవారూ దరఖాస్తు చేసుకోవచ్చు. ఫెమా వెబ్‌సైటులో గానీ, 1-800-621-3362 నంబరుకు ఫోన్ చేసి గానీ పని మొదలుపెట్టవచ్చు. గడువు సాధారణంగా విపత్తు ప్రకటన వెలువడిన నాటినుంచి 60 రోజులు. ఒక ఇంటికి ఒకే దరఖాస్తు. భర్త ఒకటి, భార్య ఒకటి వేస్తే రెండూ చిక్కుల్లో పడతాయి. దరఖాస్తును కుటుంబమే, వాళ్ల చేత్తో, వాళ్ల బ్యాంకు ఖాతాతో నింపాలి. మీరు పక్కన కూర్చోండి, కంప్యూటర్ ఇవ్వండి, చదివి అర్థం చెప్పండి. వాళ్ల సోషల్ సెక్యూరిటీ నంబరు మీ ఫోనులో, మీ కాగితాల్లో ఎక్కడా మిగలకుండా చూసుకోండి.

బీమా ఉంటే అదే రోజు క్లెయిమ్ వేయించండి, ఎందుకంటే బీమా చెల్లించే నష్టానికి ఫెమా మళ్లీ ఇవ్వదు. మామూలు గృహబీమా వరదనష్టాన్ని భరించదు, దానికి వేరే పాలసీ ఉండాలి. ప్రభుత్వ వరదబీమా మాత్రం ఇల్లు వదిలి వేరేచోట ఉన్నందుకు అయ్యే ఖర్చు ఇవ్వదు. మరోవైపు గాలికి పైకప్పు లేచిపోయి ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే, చాలా గృహబీమాల్లో హోటల్ ఖర్చుకు, తాత్కాలిక అద్దెకు డబ్బు ఉంటుంది. అద్దె ఇళ్లవారి బీమాలోనూ తరచుగా ఉంటుంది. ఇది తెలియక సొంత క్రెడిట్ కార్డులు అరగదీసుకున్నవాళ్లు ఎందరో. పాలసీ కాగితాలు నీళ్లలో పోయినా పర్వాలేదు, కంపెనీకి ఫోన్ చేస్తే కొత్త ప్రతి పంపుతుంది.

ఇక ఆ ఉత్తరం సంగతి. "మీకు అర్హత లేదు" అన్న వాక్యం కనబడగానే చాలామంది కాగితం మడిచి సంచిలో పడేస్తారు. ప్రభుత్వం కాదంది, ఇక అంతే అనుకుంటారు. ఆ సంచి తెరిపించండి. బల్ల ముందు కూర్చుని ఉత్తరం మొదటినుంచి చివరిదాకా ఒక్కో వాక్యం చదవండి. కారణం అక్కడే రాసి ఉంటుంది. బీమా కంపెనీ ఎంత చెల్లించిందో చూపే పత్రం అందలేదనో, ఆ ఇంట్లో నిజంగా ఉండేవారని రుజువు లేదనో, పేరులో అక్షరం తేడా ఉందనో ఉంటుంది. అంటే తలుపు మూసుకుపోలేదు, ఒక కాగితం తక్కువైంది, అంతే. నిర్ణయం వెలువడిన తేదీనుంచి 60 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. కరెంటు బిల్లు, పాత లీజు, స్కూలు నుంచి వచ్చిన ఉత్తరం, ఇలాంటివి జోడించి, ప్రతి పేజీ మీద దరఖాస్తు నంబరు, విపత్తు నంబరు రాసి పంపించండి. కాగితాల పని తీసుకున్న మీ జట్టు సభ్యుడు ఈ ఒక్క పని శ్రద్ధగా చేసినా, ఊరంతా ఇచ్చిన బట్టలకంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

చిరునామా మారిన ప్రతిసారీ ఫెమాకు తెలియజేయాలి. తనిఖీ అధికారి తెలియని నంబరునుంచి ఫోన్ చేస్తారు, ఎత్తకపోతే పని ఆగిపోతుంది. అధికారి డబ్బు అడిగితే మాత్రం మోసమే, ఫెమా తనిఖీకి రుసుము లేదు. వచ్చిన డబ్బు ఖర్చుపెట్టిన రసీదులు మూడేళ్లు దాచుకోమని చెప్పి, ఒక కవరు కొనివ్వండి.

ఇల్లు వెతికేటప్పుడు

2005 ఆగస్టు 29న కత్రినా తీరాన్ని తాకి, వరదకట్టలు తెగి న్యూ ఆర్లీన్స్‌లో దాదాపు 80 శాతం నీట మునిగింది. గల్ఫ్ తీరమంతా కలిపి పదిలక్షలమందికి పైగా ఇళ్లు వదలాల్సి వచ్చింది. హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్ స్టేడియాన్ని తెరిచి వేలమందికి మంచాలు వేశారు. అయితే వాళ్లను అక్కడే నెలల తరబడి ఉంచలేదు. మూడు వారాల్లోపే స్టేడియం ఖాళీ చేసి, నగరమే అద్దెకు పూచీపడి కుటుంబాలను అపార్టుమెంట్లలోకి పంపింది. షెల్టర్‌లో గడిచే ప్రతి వారం మనిషిని కుంగదీస్తుంది కాబట్టి, తాళంచెవి చేతికివ్వడమే అసలైన సాయమని ఆ నగరం గ్రహించింది. చిక్కు మరోచోట వచ్చింది. కారు లేకుండానే ఒక జీవితం గడిపిన న్యూ ఆర్లీన్స్ కుటుంబాలు, కారు లేకపోతే కిరాణాకు కూడా వెళ్లలేని హ్యూస్టన్‌లో తేలాయి.

అందుకే అద్దెకంటే ముందు దారి చూడండి. బస్సు స్టాపు ఎంత దూరం? అక్కడినుంచి పనికి, ఆసుపత్రికి, కిరాణా దుకాణానికి ఎన్ని బస్సులు మారాలి? కుటుంబంతో కలిసి ఒకసారి ఆ బస్సెక్కి చూడండి. బంధువులో పాత ఇరుగుపొరుగో ఉన్న వీధిలోనే ఉంటామంటే, మీరు చూపించినది ఎంత మంచి ఇల్లయినా పట్టుబట్టకండి.

యజమానితో మాట్లాడేటప్పుడు మూడు విషయాలు గట్టిగా అడగండి. ఇల్లు బాగుపడి వెనక్కి వెళ్లాల్సివస్తే జరిమానా లేకుండా లీజు ముగించే వీలు ఉండాలి. డిపాజిట్ విడతల్లో కట్టనివ్వాలి. పాత క్రెడిట్ స్కోరు స్థానంలో పాత యజమాని మాట గానీ, ఉద్యోగం ఇచ్చిన కంపెనీ ఉత్తరం గానీ అంగీకరించాలి. లీజు మీద మీరు సొంతంగా పూచీ సంతకం పెట్టమని నేను చెప్పను. మధ్యలో ఏదైనా తేడా వస్తే అప్పు సంగతి పక్కన పెడితే స్నేహమే పోతుంది. సంస్థ తరఫున మొదటి రెండు నెలల అద్దె యజమానికే నేరుగా కట్టడం మేలు. ఫెమా ఇచ్చే తొలి అద్దె సాయం అయిపోతే దానంతటదే కొనసాగదని గుర్తుంచుకోండి. మళ్లీ అడగాలి, లీజూ రసీదులూ చూపాలి. పొడిగింపులు సాధారణంగా విపత్తు ప్రకటననుంచి 18 నెలల వరకే.

ఇంట్లోకి వెళ్లే రోజు ఏమేం ఉండాలంటే, ముందు నిద్ర. పరుపులు కొత్తవే కొనండి. మంచం కొలతకు సరిపోయే దుప్పట్లు, దిండ్లు, తువ్వాళ్లు. తర్వాత, ఎవరికీ గుర్తురాని చిన్న వస్తువులు: షవర్ కర్టెన్, దాన్ని వేలాడదీసే రింగులు, టాయ్‌లెట్ పేపరు, బల్బులు, డబ్బాలు తెరిచే పరికరం, కత్తి, చెత్త సంచులు, ఒక టార్చి. అమెరికా అపార్టుమెంట్లో షవర్ కర్టెన్ లేకపోతే తొలి స్నానానికే బాత్రూమంతా నీళ్లు. నీళ్లకు భయపడి వచ్చిన పిల్లల ముందు అది ఎలా ఉంటుందో ఆలోచించండి. మంచి దళసరి వంటపాత్ర ఒకటి తప్పకుండా ఇవ్వండి. సోమవారం ఎర్ర చిక్కుడుగింజలూ అన్నం వండుకోవడం న్యూ ఆర్లీన్స్ ఇళ్ల ఆచారం. సొంత పొయ్యి మీద సొంత వంట వండుకున్న రోజున ఆ ఇల్లు వాళ్లదవుతుంది.

పాత బట్టలు సేకరించకండి. వాటిని వేరుచేయడానికి, దాచడానికి, చివరికి పారేయడానికి మనుషులు, గోదాములు, లారీలు కావాలి. విపత్తు పనివాళ్లు వాటిని రెండో విపత్తు అంటారు. దుకాణం గిఫ్ట్ కార్డు ఇస్తే తల్లి తన పిల్లవాడికి సరిపోయే బూట్లు తానే ఎంచుకుంటుంది.

స్కూలు, మందులు, రేషన్ కార్డు

పిల్లల్ని వెంటనే స్కూల్లో చేర్పించండి. తుఫానువల్ల ఇల్లు కోల్పోయి షెల్టర్‌లోనో, హోటల్లోనో, బంధువుల ఇంట్లో ఇరుక్కునో ఉంటున్న పిల్లలకు 1987 నాటి మకిన్నీ-వెంటో చట్టం వర్తిస్తుంది. పాత స్కూలు రికార్డులు, టీకాల పత్రం, చిరునామా రుజువు ఏవీ లేకపోయినా స్కూలు చేర్చుకోవాలి. భోజనం ఉచితం. ప్రతి స్కూలు డిస్ట్రిక్టులో ఇందుకోసం ఒక సమన్వయకర్త ఉంటారు. ఆఫీసు కౌంటర్లో "పత్రాలు తెచ్చాక రండి" అంటే వాదనకు దిగకుండా ఆ సమన్వయకర్త పేరు అడగండి, పని జరుగుతుంది.

మందులకు, పాత సీసా మీది వివరాలతో దగ్గర్లోని ఫార్మసీకి వెళ్లండి. చాలా ఊళ్లలో శాఖలున్న పెద్ద ఫార్మసీ సంస్థల్లో రికార్డు ఏ ఊళ్లోనైనా కనిపిస్తుంది. ఆహార సాయం కార్డు వేరే రాష్ట్రానిదైనా మీ ఊరి దుకాణంలో పనిచేస్తుంది. తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్ అలా కాదు. ఇక్కడే స్థిరపడతామనుకుంటే కొత్త రాష్ట్రంలో మళ్లీ దరఖాస్తు చేయాలి. ఉత్తరాల దారి మళ్లింపు ఫారం పోస్టాఫీసులో ఉచితంగా నింపవచ్చు.

వీసా మీద ఉన్న కుటుంబమైతే

మనవాళ్లలో చాలామందికి ఇది అవసరం కాబట్టి కొంచెం విడిగా చెబుతాను. ఫెమా నగదు సాయానికి ఇంట్లో ఒక్కరైనా అమెరికా పౌరులో, గ్రీన్ కార్డు వంటి అర్హత ఉన్నవారో ఉండాలి. హెచ్1బి, ఎఫ్1 వీసాలు అందుకు చాలవు. అయితే ఇక్కడే పుట్టిన పసిపిల్ల ఇంట్లో ఉంటే, ఆ పాప పేరున తల్లిదండ్రులు దరఖాస్తు చేయవచ్చు. ఇది తెలియక వదిలేసుకోకండి. షెల్టర్, భోజనం, నీళ్లు, మానసిక సాయం వంటివాటికి వీసా స్థితితో పనిలేదు. ప్రతి విపత్తు సమయంలోనూ అప్పటి నిబంధనలు ఫెమా వద్ద సరిచూసుకోండి.

ఇల్లు మారిన పది రోజుల్లోపు కొత్త చిరునామా వలస శాఖకు తెలపాలి. విద్యార్థులైతే తమ విశ్వవిద్యాలయ అధికారికి చెప్పాలి. తుఫాను హడావుడిలో అందరూ మరిచిపోయేది ఇదే. హెచ్1బి ఉద్యోగి "ఇక్కడినుంచే పనిచేస్తాను" అని ఒప్పుకునేముందు కంపెనీ న్యాయవాదిని అడగాలి. పనిచేసే చోటు వేరే మహానగర ప్రాంతానికి మారితే కంపెనీ సవరణ దరఖాస్తు వేయాల్సి రావచ్చు. పాస్‌పోర్టు నీళ్లలో పోతే, పోలీసు ఫిర్యాదు ప్రతి తీసుకుని తమ ప్రాంతానికి చెందిన భారత కాన్సులేటును సంప్రదించాలి. ఐ-94 ప్రవేశ పత్రం ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది.

పని, మనసు

ఉద్యోగం గురించి తొందరపెట్టకండి, అలాగని వదిలేయకండి. విపత్తువల్ల పని పోయినవారికి, సొంత వ్యాపారం చేసుకునేవారికి కూడా, విపత్తు నిరుద్యోగ భృతి ఉంది. అది పనిచేసిన రాష్ట్రంలో అడగాలి, గడువు ఎప్పటిదాకానో ముందే కనుక్కోండి. నర్సులు, క్షురకులు, ఎలక్ట్రీషియన్ల వంటివారికి కొత్త రాష్ట్రంలో లైసెన్సు అడ్డొస్తుంది. మీ రాష్ట్ర బోర్డుకు ఫోన్ చేసి తాత్కాలిక అనుమతి ఉందేమో అడగడం జట్టులో ఒకరి పని. మీకు తెలిసిన యజమానికి ఒక మంచి మాట చెప్పడం మీ అందరి పని.

మొదటి నెలలో గట్టిగా కనిపించినవాళ్లు మూడో నెలలో కూలిపోవచ్చు. వాన చప్పుడుకు పిల్లలు నిద్రలేస్తారు, మాటామాటా పెరుగుతుంది, ముసలివాళ్లు అన్నం మానేస్తారు. విపత్తు బాధితులకోసమే 1-800-985-5990 నంబరు పగలూ రాత్రీ పనిచేస్తుంది. అది ఫ్రిజ్ మీద అంటించండి. అంతకంటే ముఖ్యంగా, వాళ్లు వెళ్లే చర్చి ఏదో, వాళ్ల ఊరివాళ్లు ఇక్కడ ఎవరున్నారో కనుక్కుని కలపండి. మీరెంత దగ్గరైనా, మునిగిన వీధి పేరు తెలిసినవాళ్లతో మాట్లాడటం వేరు.

ఉండిపోతారా, వెళ్తారా

ఈ నిర్ణయం పూర్తిగా వాళ్లది. "ఇక్కడ అన్నీ బాగున్నాయి కదా, మళ్లీ ఆ నీళ్లలోకెందుకు" అనే మాట మంచిమనసుతో అన్నదే అయినా, ఇంటిమీద బెంగపెట్టుకున్నవాళ్లకు ములుకులా గుచ్చుకుంటుంది. పాత ఇంటిని చూసి రావడానికి ఒక వారాంతం కారులో తీసుకెళ్లండి. బూజు పట్టిన ఇంట్లోకి ఎన్95 మాస్కులు, చేతి తొడుగులు, పొడుగు బూట్లు లేకుండా అడుగు పెట్టనివ్వకండి. పిల్లల్ని మీ ఇంట్లో ఉంచుకోండి. ఏదీ పారేయకముందే ఫొటోలు తీయించండి, బీమాకు అవి కావాలి.

ఉండిపోతే, జట్టు ఒక్కో పనినుంచీ మెల్లగా తప్పుకోవాలి. బిల్లులు వాళ్లే కడుతున్నారా, స్కూలుతో వాళ్లే మాట్లాడుతున్నారా చూసుకుని, ఫోన్లు వారానికి ఒకటికి, తర్వాత నెలకు ఒకటికి తగ్గించండి. మరుసటి ఏడాది హరికేన్ల కాలం మొదలయ్యే జూన్‌లోనూ, తుఫాను వచ్చిన తేదీనాడూ మాత్రం తప్పక పలకరించండి.

వెళ్లిపోతే, లీజు డిపాజిట్ తిరిగి ఇప్పించండి, స్కూలు రికార్డులు, మందుల వివరాలు పాత ఊరికి బదిలీ చేయించండి, ఫెమా దగ్గర, పోస్టాఫీసులో, బ్యాంకులో చిరునామా మార్పించండి. పరుపులూ బల్లలూ పాత్రలూ వాళ్లవే. వెనక్కి ఇమ్మని అడగకండి. అన్నీ వెంట తీసుకెళ్తామంటే, ట్రక్కు అద్దెకూ పెట్రోలుకూ సరిపడా డబ్బు నిధిలో మొదటినుంచీ పక్కన పెట్టి ఉంచండి.